ఎరువు తెచ్చిన చూపు

మా తోడికోడలు హైమవతి తన చూపుని స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, చుట్టూ పొడిగుడ్డ కట్టి నా చేతికిస్తుంది. డబ్బా పెద్ద బరువుండదు. కాస్త వంచితే, కాచిన నెయ్యి కదిలినట్టు లోపల ఏదో మెల్లగా ఇటునుంచి అటు వెళ్తుంది. డబ్బా మీద ఆమె పేరు చెక్కి ఉంది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన సామానులో అదొకటి.

"తడి తగలనివ్వకు," అంటుంది. "తిరగకలిపే రోజుకి తెచ్చెయ్."

"తెచ్చేస్తానక్కయ్యా."

"ఎంగిలనుకోకు. చూపుకి ఎంగిలి ఉండదు."

ఇవి ఆవకాయ రోజులు. రాజమండ్రిలో మా వంటింటి నేలంతా పాత చీరలు పరిచి ఉన్నాయి. వాటి మీద కొట్టించి తెచ్చిన మామిడిముక్కలు టెంకలతో సహా కొన్ని బోర్లా, కొన్ని వెల్లకిలా పడి ఉన్నాయి. ఒక్కో ముక్కా తీసి, లోపలి పొర గీకి, పొడిబట్టతో తుడవాలి. ఈ రోజుల్లో మా ఇంటి ఇద్దరు కోడళ్ళలో ఒకరే గడప దాటడానికి వీలవుతుంది. హైమక్కయ్య కలిపిన ఆవకాయ మళ్ళీ మామిడికాయలు వచ్చేదాకా నిలవుంటుంది. నేను కలిపింది వానలు పడగానే బూజు పడుతుంది. కాబట్టి వెళ్ళేది నేను.

చూపు లేకుండా ఎలా కలుపుతావని అడిగాను. కారం కలిపే రోజుల్లో కళ్ళు ఇంట్లో లేకపోవడమే నయమంది. ఏటా ఈ రోజుల్లో ఆమె కళ్ళు రెండూ ఎర్రగా వాచిపోయి ఉంటాయి. మా బావగారు పేపరు పక్కన పెట్టి ఆలోచించి, అది సబబేనన్నారు.

నేను జపాన్‌లో ఒక కొండగుడికి వెళ్తున్నాను. అక్కడ ఫోటోలు తీయాలి, బొమ్మలు గీయాలి. ఫోటోలు ఎవరైనా తీస్తారు. బొమ్మలు గీయడం నాకు రాదు.

ఇదంతా ఒక ఫోను వల్ల జరిగింది. బొమ్మలు గీసేవాళ్ళని ఎక్కడెక్కడి పాత గుళ్ళకో పంపించే సంస్థ ఒకటుంది. అందులో పనిచేసే ఆయన ఇంటికి ఫోను చేశాడు. హైమక్కయ్య పెళ్ళికి ముందు డ్రాయింగు పరీక్షలు పాసైంది. మా వీధి పిల్లల సైన్సు రికార్డుల్లో కప్పలు, గుండెకాయలు, నిలువునా కోసిన మందారపువ్వులు అన్నీ ఆమె వేసినవే. ఆ పిల్లల్లో ఎవరో పెద్దయ్యాక ఆయనకి చెప్పి ఉంటారు. ఫోను నేను ఎత్తాను.

"బొమ్మలేసే అమ్మగారాండీ?" అన్నాడాయన.

"ఊఁ," అన్నాను.

అది అబద్ధం కాదు. ఊఁ కొట్టడం. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే, వింటున్నాం కానివ్వండి అని చెప్పడానికి కొడతామే, ఆ ఊఁ. ఆయన దాన్ని అవుననుకున్నాడు. కొండ గురించి, ద్వారాల్లా నిలబెట్టిన ఎర్రటి కొయ్య తోరణాల గురించి, వాటి కింద నడిచే దారి గురించి చెబుతూ పోయాడు. నేను ఊఁ కొడుతూ పోయాను. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి బొమ్మలేసే మనిషిని నేనైపోయాను.

ఎవరే అని హైమక్కయ్య వంటింట్లోంచి అడిగింది. నన్ను జపాన్ రమ్మంటున్నారన్నాను. కందిపప్పు చెరుగుతున్న చేట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"పోనీలే, మనింటికే కదా వచ్చింది," అంది. ఆ తర్వాత నవ్వింది. "పేరేమో విశాలాక్షి. బియ్యంలో రాయి పంటికింద పడేదాకా కనపడదు. నువ్వేం గీస్తావే తల్లీ? నా చూపు పట్టుకెళ్ళు."

రైలు గోదావరి వంతెన ఎక్కుతుంది. ఈసారి వంతెన కాస్త పొడుగ్గా ఉంటుంది. పెట్టెలోని వాళ్ళు ఇడ్లీ పొట్లాలు విప్పుకుని తింటారు, చేతులు కడుక్కుంటారు, ఒకరి మీద ఒకరు వాలి కునుకు తీస్తారు. వంతెన ఇంకా అవదు. అలవాటు ప్రకారం కిటికీలోంచి నీళ్ళలోకి ఒక నాణెం విసురుతాను. అది పడిన చప్పుడు వినపడదు.

ఎదుటి సీటులో కూర్చున్న ఆవిడ నా ఒళ్ళో డబ్బా వంక చూస్తుంది.

"పచ్చడాండీ?"

"కాదండి. మా తోడికోడలి చూపు."

"ఇచ్చేసిందేంటి?"

"ఎరువిచ్చిందండి. తిరిగిచ్చేయాలి."

"ఉత్తి డబ్బా ఇవ్వకండేం," అంటుంది ఆవిడ. "ఏదో ఒకటి వేసివ్వాలి."

ఆ మాత్రం నాకూ తెలుసు. ఎరువు తెచ్చుకున్న గిన్నెని ఖాళీగా తిరిగివ్వడం మా ఇళ్ళలో లేదు. చిన్న బెల్లంముక్కయినా వేస్తాం.

ఆవిడ నిద్రపోయాక నేను గుడ్డముడి విప్పి, మూత తీసి, ఆవిరి పట్టేటప్పటిలా డబ్బా మీదికి ముఖం వంచుతాను. చూపు వెచ్చగా పైకి లేచి నా కళ్ళలోకి వస్తుంది. గుడి కోసం ఇచ్చిన చూపుని నేను గోదావరి చూడ్డానికి వాడుకుంటాను. నా చూపుకి గోదావరంటే వెడల్పు. ఈ చూపుకి నీళ్ళు ఆనవు. రేవులో బండకేసి బట్టలు బాదుతున్న చేతులు కనిపిస్తాయి. ఒక దుప్పటి రెండో అంచు పట్టుకునేవాళ్ళు లేక నీళ్ళలో ఈడ్చుకుపోవడం కనిపిస్తుంది. గబుక్కున మూత పెట్టేస్తాను. ముడి ఇందాకటంత గట్టిగా పడదు.

వంతెన ఇనుప దూలాలు ఒకటొకటిగా ఎర్రబడతాయి. వాటి మధ్య దూరం తగ్గుతుంది. రైలు ఆగేసరికి అవి తోరణాలై, కొండ మీదికి మెట్ల వెంబడి ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. దిగుతాను. దిగినది నేనొక్కదాన్నే.

ఆ ఎరుపు నాకు తెలిసిన ఎరుపే. జాడీలో ముక్కలు దిగి నూనె పైకి తేలినప్పుడు, అంచుల దగ్గర ఉండే రంగు.

మొదటి తోరణం దగ్గర గుడి పూజారి నిలబడి ఉంటాడు. తెల్లటి అంగరఖా, నెత్తిన నల్లటి పొడుగు టోపీ. ఆయన జపాన్ భాషలోనే మాట్లాడతాడు. నాకు మాత్రం కోనసీమ మాటలా వినిపిస్తుంది. వినే చెవులు మీవి కదండీ, మరెలా వినిపిస్తుంది అంటాడు.

గుళ్ళోకి వెళ్ళేముందు రాతితొట్టి దగ్గర చేతులు కడుక్కోవాలి. తొట్టి మీద పొడుగాటి కాడల వెదురు గరిటెలు బోర్లించి ఉన్నాయి. నేను తొట్టి ముందు నిలబడిపోతాను. డబ్బాకి తడి తగలకూడదు. తడి లేకుండా చేతులు కడగడం కుదరదు.

"దీన్ని కాస్త పట్టుకుంటారాండీ?" అని పూజారిని అడుగుతాను.

"పట్టుకుంటే నాకిచ్చినట్టవుతుందండి. నాకైతే ఇవ్వట్లేదుగా మీరు."

"పోనీ కింద పెట్టనా?"

"గుడికి తెచ్చింది కింద పెడతారేంటండీ?"

డబ్బాని గడ్డం కింద ఇరికించుకుంటాను. గరిటెతో ఎడమచేతి మీద పోసుకుంటాను, కుడిచేతి మీద పోసుకుంటాను. దోసిట్లో నీళ్ళు పట్టి, తీర్థం తీసుకున్నట్టు తాగేసి, తడిచెయ్యి తలకి రాసుకోబోతాను. అది చేతి అలవాటు. చెయ్యి గడ్డం పక్కనుంచే పైకి వెళ్తుంది. వదులైన ముడి మీద, మూత అంచు దగ్గర, ఒక చుక్క పడుతుంది. తుడిచేలోపు లోపలికి దిగిపోతుంది.

పూజారి చూస్తాడు. ఇక్కడ నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలండి, తాగరు, అని మాత్రం చెబుతాడు.

మూత తీసి చూస్తాను. అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఒక పక్కన మాత్రం ఆవగింజంత మేర తెల్లగా ఉంది.

మెట్ల పక్కన కూర్చుని బొమ్మలు మొదలుపెడతాను. ముఖం వంచి చూపు పట్టించుకుని, తలెత్తి, పెన్సిలు కాగితం మీద పెడితే చెయ్యి దానంతటదే వెళ్తుంది. హైమక్కయ్య గీతలు కిందనుంచి పైకి వెళ్తాయి. ముందు తోరణం పాదాలు వస్తాయి, తర్వాత స్తంభాలు, చివర్లో పైన అడ్డదూలం. బొమ్మ నిజంగా బాగుంటుంది. నా చేతిలో ఇంత అందమైన పని జరగడం నేనెప్పుడూ చూడలేదు. సంతోషిద్దామనుకుంటాను. సంతోషం గొంతుదాకా వచ్చి, ఇది ఎవరిదని అడిగి, తిరిగి వెళ్ళిపోతుంది.

అయితే ఈ చూపుతో ఒక ఇబ్బంది ఉంది. దేన్ని చూసినా దానికి చేయాల్సిన పని కూడా కనిపిస్తుంది. తోరణం గీస్తుంటే స్తంభం అడుగున చెద పట్టబోతున్న చోటు కనిపిస్తుంది. మెట్లు గీస్తుంటే కాలువకి అడ్డం పడిన ఆకులు. గుడిముందు రాతి నక్కలు కూర్చుని ఉన్నాయి, వాటి మెడల్లో చంటిపిల్లలకి కట్టినట్టు ఎర్రటి గుడ్డలు. ఒక నక్క మెడలోని గుడ్డకి కుట్టు ఊడి ఉంది. దాన్ని గీయడం ఆపి, చీరకొంగుకి పెట్టుకున్న పిన్నీసు తీసి దానికి పెట్టి వస్తాను. వచ్చి కూర్చుంటే దీపపు స్తంభం మీద మసి కనిపిస్తుంది.

అలసిపోతాను. ఆమె రోజూ పొద్దున లేవగానే వీటన్నిటినీ చూస్తుందన్నమాట. నేను ఆ ఇంట్లోనే, అదే హాల్లో, బల్ల ముందు కూర్చుని కథలు రాసుకుంటూ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటాను. ఒకసారి ఆ మాట ఒక కథలో కూడా రాశాను.

మూడో బొమ్మకి కాగితం మీద అక్కడక్కడా తెల్లటి నూగు వస్తుంది. రబ్బరుతో చెరిపితే పోదు. డబ్బాలో చూస్తాను. ఆవగింజంత ఉన్నది చింతగింజంత అయింది.

ఫోటోలకి ఆమె చూపు అక్కర్లేదు. కెమెరా నాది. తోరణాల వరుసకి గురిపెట్టి నొక్కుతాను. కెమెరా వెనక తెర మీద తోరణాలు వస్తాయి, చివరి తోరణం అవతల మా వంటిల్లు వస్తుంది. హైమక్కయ్య పీటమీద కూర్చుని ఉంటుంది. రెప్పలు వాల్చి, మామిడిముక్కలు తడుముతూ తుడుస్తుంటుంది. కొంచెం పక్కకి జరిగి ఇంకోటి తీస్తాను. ముక్కలన్నీ బేసినులో ఉంటాయి, ఆమె ఉప్పు పోస్తుంటుంది. నక్కని తీస్తాను. నక్క వెనక ఆమె కారం పోస్తుంటుంది. గంట కట్టిన మోకుని తీస్తాను. ఆమె చెయ్యి గిన్నెల మీద వెతుక్కుంటూ వెళ్ళి ఉప్పుగిన్నె మీద ఆగుతుంది. మళ్ళీ పోస్తుంది.

వెంటనే ఫోను చేస్తాను.

"అక్కయ్యా, ఉప్పు రెండుసార్లు పోశావు."

"నువ్వెక్కడ చూశావే?"

"ఫోటోలో పడింది."

"అంతదూరం వెళ్ళి వంటిల్లు ఫోటో తీస్తున్నావా? ఇక్కడున్నన్నాళ్ళూ ఇటు తొంగి చూడలేదు." నవ్వుతుంది. "ఉప్పు ఎక్కువైతే ముక్కలు ఇంకో నాలుగు వేస్తాన్లే. ఈసారి కళ్ళు మండలేదే, ఎంత హాయిగా ఉందో. మీ బావగారు వచ్చి, ఏడవకుండా ఆవకాయ కలుపుతున్నావేంటి, రుచి ఉంటుందా అన్నారు."

నవ్వబోయి ఆగిపోతాను.

"రేపు తిరగకలపాలి విశాలా," అంటుంది. "మిగతావన్నీ వేళ్ళతో తెలుస్తాయి గానీ, నూనె ఎంత తేలిందో కంటితో చూడాల్సిందే. తక్కువైతే పైముక్కలకి బూజొస్తుంది. వచ్చేస్తావుగా?"

"వచ్చేస్తాను."

"బొమ్మలు బాగా వస్తున్నాయా?"

"ఊఁ," అంటాను.

ఫోను పెట్టేశాక, నా ఒళ్ళో డబ్బా ఇందాకటికన్నా బరువైనట్టు అనిపిస్తుంది.

ఇక గుడి లోపలి బొమ్మ ఒక్కటే మిగిలింది. అది గీసేసి వెళ్ళిపోవాలి. హుండీ ముందు నిలబడగానే లోపల నాణెం పడిన చప్పుడవుతుంది. వంతెన మీంచి విసిరింది ఇప్పుడు చేరింది. వంగి దణ్ణం పెట్టి, అక్కడి ఆచారం ప్రకారం చప్పట్లు కొడతాను. మా ఇంట్లో చప్పట్లు కొట్టేది మేడమీద ఉన్నవాళ్ళని భోజనానికి పిలవడానికి. తలుపు తెరుచుకుంటుంది.

లోపల విగ్రహం లేదు. గుండ్రటి అద్దం ఒకటి చెక్కపీట మీద నిలబెట్టి ఉంది. దేవుడు అందులో ఉంటాడని పూజారి చెబుతాడు. ఫోటో తీయకూడదు, చూడొచ్చు.

డబ్బా మూత తీస్తాను. తెల్లనూగు సగందాకా పాకి ఉంది. దాన్ని ఊది పక్కకి తోసి, మిగిలిన చూపుని కళ్ళలోకి పట్టించుకుని, అద్దంలోకి చూస్తాను.

అద్దంలో నేను ఉంటాను. కానీ ఇది నేను చూసుకునే నేను కాదు. ఆమె చూపులో ఉన్న నేను. వంటింటి గుమ్మంలోంచి చూస్తే హాల్లో కనిపించే నేను. జుట్టు సరిగ్గా ముడేసుకోలేదు. చెవి దగ్గర ఫోను. ముందు చేట అంచు, దానిలో కందిపప్పు కనిపిస్తున్నాయి. చేట ఒక్క క్షణం ఆగింది.

"బొమ్మలేసే అమ్మగారాండీ?" అని ఫోనులోంచి పైకే వినిపిస్తుంది. మా ఇంటి ఫోను మాటలు నాలుగు గదులకీ వినిపిస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఆరోజు తెలియనట్టు ఉన్నాను.

అద్దంలో నేను వంటింటి వైపు ఒకసారి చూసి, అటు తిరిగిపోయి, ఊఁ అంటాను.

ఆ చూపులో కోపం ఉంటుందేమోనని వెతుకుతాను. కనిపించదు. నా జాకెట్టు భుజం దగ్గర కుట్టు ఊడిపోయి ఉండడం కనిపిస్తుంది. అది మర్నాడు కుట్టి ఉంది. ఎవరు కుట్టారో నేనప్పుడు ఆలోచించలేదు.

ఆమెకి మొదటినుంచీ తెలుసు. తెలిసే డబ్బా కడిగింది, ఆరబెట్టింది, చూపు తీసి అందులో పెట్టింది, గుడ్డ కట్టింది.

పక్కన పూజారి ఏదో చెబుతుంటాడు. మాటలు చెవిన పడుతున్నాయిగానీ నేను అద్దం వైపే చూస్తున్నాను. మీరు చాలా దూరం నుంచి వచ్చారండి అంటాడు. ఊఁ అంటాను. ఇంత చక్కటి చూపు ఈ మధ్యకాలంలో ఎవరూ తేలేదంటాడు. ఊఁ అంటాను.

"స్వామికేనాండీ ఇది?"

"ఊఁ."

ఆయన రెండు చేతులతో డబ్బా అందుకుని, అద్దం ముందు వంచుతాడు. ఉన్నదంతా అద్దంలోకి జారిపోతుంది. అద్దం ఒకసారి రెప్ప వేస్తుంది. ఖాళీ డబ్బా నా చేతికి తిరిగి వస్తుంది. నాకు నా చూపే మిగులుతుంది. గుడి అంతా అలికేసినట్టు మసగ్గా అయిపోతుంది.

"అదికాదండి," అంటాను. "నేను ఊఁ కొట్టాను, అంతే. మీ మాటలు వింటున్నానని."

"ఇక్కడ కూడా ఊఁ అంటే అవుననేనండి."

"అది నాది కాదు. ఎరువు తెచ్చింది. రేపు ఆవకాయ తిరగకలపాలి."

ఆయన తల ఊపుతాడు. నిజంగానే బాధపడతాడు. "వెనక్కి ఇవ్వకూడదని కాదండి. స్వామి తీసుకున్నది ఎక్కడ పెట్టుకుంటారో మాకు తెలీదు. మేము చూసి చెప్పాలన్నా, చూసేది ఆయనే కదండీ ఇప్పుడు."

నేను అద్దం ముందు నిలబడతాను. అది నన్ను చూస్తుంది. నాకు మాత్రం అందులో మసకే కనిపిస్తుంది.

ఒకటి ఒప్పుకోవాలి. డబ్బా వంచిన ఆ క్షణంలో, బూజు పట్టిన చూపుని ఆమె చేతికి తిరిగివ్వాల్సిన పని తప్పిందని నా లోపల ఎక్కడో ఒక మూల ఊపిరి పీల్చుకుంది. ఆ మూల ఎక్కడుందో నాకు తెలుసు. ఫోను ఎత్తిన మూల కూడా అదే.

గుడి ముందు తెల్లటి గులకరాళ్ళు పరిచిన వాకిలి ఉంది. దాని మధ్యకి వెళ్ళి కూర్చుంటాను. ఒళ్ళో ఉత్తి డబ్బా. వేలితో దాని మీది పేరు తడుముతాను. ఉత్తి డబ్బా ఇవ్వకూడదు. ఏం వేయాలి? గులకరాళ్ళు ఆమెకి ఎందుకు? నా చూపు వేసిద్దామంటే, దాంతో ఆవాలకీ గసగసాలకీ తేడా తెలియదు. నేను గీసిన బొమ్మలు ఆమెవే. ఆమెవి ఆమెకి వేసిస్తే వేసినట్టు కాదు.

నా దగ్గర నాదంటూ ఒకటే ఉంది. డబ్బాని నోటి దగ్గరికి తెచ్చుకుంటాను.

"అక్కయ్యా," అంటాను డబ్బాలోకి. "ఆ ఫోను నీకు వచ్చింది. నాకు తెలుసు. నువ్వు వింటున్నావని కూడా తెలుసు. నేను ఊఁ కొట్టలేదు. అవునన్నాను. నీ చూపు తడిసింది. ఇక్కడ అడిగితే మళ్ళీ ఊఁ అని ఇచ్చేశాను. ఇంక అది రాదు."

మాట పూర్తిగా లోపలికి దిగేదాకా ఆగి, మూత పెట్టి, గుడ్డ చుట్టి, ఈసారి గట్టిగా ముడేస్తాను. డబ్బా కాస్త బరువెక్కుతుంది. కదిపితే చప్పుడు చేయదు.

వాకిట్లో గులకరాళ్ళ మధ్యనుంచి నూనె ఊరడం మొదలవుతుంది. ముందు అంచుల వెంబడి, తర్వాత నా చుట్టూ. ఎర్రగా, వెచ్చగా ఉంది. మెంతుల వాసన వస్తోంది. తోరణాల రంగు కరిగి కిందికి దిగుతుంది. రాతి నక్కలు మెడలదాకా మునిగి అలాగే కూర్చుంటాయి. పూజారి టోపీ తీసి చంకలో పెట్టుకుని మెట్లెక్కుతాడు. తిరగకలిపే వేళయిందండి అంటాడు.

పైన ఎవరో జాడీకి కట్టిన గుడ్డ విప్పినట్టు ఆకాశం ఒక పక్కగా జరుగుతుంది. హైమక్కయ్య చెయ్యి దిగుతుంది. గాజులు మోచేతి పైదాకా తోసుకుని ఉన్నాయి. చెయ్యి ఒక అంచునుంచి అడుగుకి వెళ్ళి, అడుగున ఉన్నదాన్ని పైకి తెస్తుంది. తొందరలేదు. తోరణాలు, మెట్లు, వెదురు గరిటెలు, గంట కట్టిన మోకు అడుగుకి వెళ్ళి, ఎర్రగా పైకి వస్తాయి. ఏదీ చితకదు. నేను ఒక టెంకని పట్టుకుని ఆ సుడిలో తిరుగుతుంటాను.

ఆమె వేళ్ళకి డబ్బా తగులుతుంది. వేళ్ళు ఆగుతాయి. దాని చుట్టూ తిరిగి, పేరు చెక్కిన చోటు దొరకపుచ్చుకుని, ఒక్కో అక్షరమూ తడుముతాయి. డబ్బా పైకి వెళ్తుంది. ఎంతో ఎత్తున ముడి విప్పిన చప్పుడు, మూత తీసిన చప్పుడు వినిపిస్తాయి. తర్వాత నా గొంతు వినిపిస్తుంది. అక్కయ్యా, ఆ ఫోను నీకు వచ్చింది. చివరిదాకా వినిపిస్తుంది.

నాకు కళ్ళు నిండుకొస్తున్నాయి. ఏడవకూడదు. ఇందులో ఒక్క చుక్క తడి పడితే, జాడీ మొత్తం బూజు పడుతుంది. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో అందరూ తినాల్సింది. రెప్పలు ఎత్తి పట్టుకుంటాను.

"ఊఁ," అంటుంది హైమక్కయ్య పైనుంచి.

వింటున్నానని అందో, అవునందో, ఇంకా ఉంటే చెప్పమందో తెలియదు. ఆ ఊఁ జాడీ గోడల వెంబడి ఒకసారి తిరిగి, నా మీదుగా వెళ్తుంది.

చెయ్యి మళ్ళీ దిగుతుంది. రెండు వేళ్ళు నన్ను కనిపెట్టి, టెంకతో సహా ఎత్తి, ముక్క ఊరిందో లేదో చూడ్డానికి నొక్కినట్టు భుజం దగ్గర మెల్లగా నొక్కుతాయి. జాకెట్టు కుట్టు ఉన్న చోటే. నూనె కారిపోయేదాకా నన్ను అలా పట్టుకుని, ముఖం దగ్గరికి తెచ్చుకుంటుంది.

ఆమె రెప్పలు ఎత్తుతుంది. కళ్ళుండాల్సిన చోట రెండు చిన్న ఎర్రటి తోరణాలు నిలబడి ఉన్నాయి. రెండిట్లోనూ దూరంగా, తెల్లటి గులకరాళ్ళ వాకిట్లో, ఎవరో ఆడమనిషి నాకు వీపు పెట్టి కూర్చుని కిందనుంచి పైకి ఒక గీత గీస్తోంది. గీత పూర్తికావడానికి ఇంకా కొంచెం ఉంది. నేను రెప్ప వేయకుండా చూస్తున్నాను.